పోర్ట్ చామర్స్‌లో ఒక్క రోజు: ఓడ దిగి ఆల్బట్రాస్‌ను చూసి వేళకు తిరిగి ఎక్కడం ఎలా

సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఒక ఆనవాయితీ మొదలైంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్లను న్యూజిలాండ్ క్రూజ్‌కు తీసుకెళ్లడం. రోజూ సామాను సర్దుకునే పని లేదు, విమానాలు మారే బాధ లేదు, మంచం మీద పడుకుంటే పొద్దున్నకి ఇంకో ఊరు. ఆ ప్రయాణంలో ఓడ ఆగే రేవుల్లో బాగా దక్షిణాన ఉండేది డనీడిన్. భూమధ్యరేఖకూ దక్షిణ ధ్రువానికీ నడిమి గీత 45 డిగ్రీలు. ఈ ఊరు ఆ గీతను కూడా దాటి కిందికి ఉంటుంది. మధ్యాహ్నం సూర్యుడు నెత్తిన కాకుండా ఉత్తరం వైపు వాలి కనిపిస్తాడు. మా నాన్న ఆ రోజు దిక్కులు సరిచూసుకోవడానికే చాలాసేపు తంటాలు పడ్డారు.

నేను ఈ రేవులో రెండుసార్లు దిగాను. మొదటిసారి ఏమీ అనుకోకుండా దిగి, ఊళ్లో తిరిగి, పదకొండు గంటలకు ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి గుర్తొచ్చి టాక్సీ మాట్లాడుకుని వెళ్తే ఆ రోజు టికెట్లన్నీ అయిపోయాయి. రెండోసారి అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు ముందే లెక్క వేసుకున్నాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ చూడాల్సింది జీవజాలం. ఊరు మిగిలిన సమయానికి. ఈ వరుస తిరగబడితే రోజు చేజారిపోతుంది.

ముందు పటం అర్థం చేసుకోండి

టికెట్ మీద "డనీడిన్" అని ఉంటుంది. పెద్ద ఓడలు ఆగేది మాత్రం పోర్ట్ చామర్స్‌లో. అక్కడి నుంచి డనీడిన్ నడిబొడ్డుకు రోడ్డు మీద సుమారు 13 కి.మీ. ఓడ ఒటాగో హార్బర్ అనే పొడవాటి, సన్నటి సముద్రపు పాయలోకి వస్తుంది. పాయకు ఒక ఒడ్డున పోర్ట్ చామర్స్, ఎదురుగా రెండో ఒడ్డున ఒటాగో ద్వీపకల్పం. పాయ సముద్రంలో కలిసే చోట, ద్వీపకల్పం చివరి కొసన ఉన్న కొండకొమ్మే తాయరోవా హెడ్. ఆల్బట్రాస్‌లు గూడు కట్టేది అక్కడే.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఓడ డెక్ మీద నిలబడితే ద్వీపకల్పం కళ్లెదురుగా కనిపిస్తుంది, చెయ్యి చాపితే అందేటంత దగ్గర అనిపిస్తుంది. కానీ మధ్యలో వంతెన లేదు. రోడ్డు మీద వెళ్లాలంటే ముందు పాయ అడుగు దాకా, అంటే డనీడిన్ ఊళ్లోకి వెళ్లి, అక్కడ మలుపు తిరిగి అవతలి ఒడ్డు వెంబడి మళ్లీ సముద్రం వైపు రావాలి. పోర్ట్ చామర్స్ నుంచి తాయరోవా హెడ్‌కు గంటకు పైనే పడుతుంది. రానూపోనూ రెండున్నర గంటలు దారికే పోతాయని లెక్క వేసుకోండి.

కాగితాలు: ఇంట్లో ఉండగానే చూసుకోవలసినవి

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు విమానంలో న్యూజిలాండ్ వెళ్లాలంటే విజిటర్ వీసా కావాలి. క్రూజ్ ఓడలోనే వచ్చి, అదే ఓడలో తిరిగి వెళ్లిపోయే ప్రయాణికులకు మాత్రం ఏ దేశం పాస్‌పోర్ట్ అయినా ఎన్‌జెడ్‌ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి సరిపోతుంది. ఫోన్ యాప్‌లో 17 న్యూజిలాండ్ డాలర్లు, వెబ్‌సైట్‌లో 23. దాంతోపాటు పర్యాటకుల లెవీ ఒకటి ఉంటుంది. 2024 అక్టోబరు నుంచి అది 100 డాలర్లు. ఆస్ట్రేలియా పౌరులకు ఈ రెండూ అక్కర్లేదు. అక్కడి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్లు అనుమతి తీసుకోవాలి గానీ లెవీ కట్టక్కర్లేదు. ఓడ ఆక్లాండ్‌లో యాత్ర ముగించి, మీరు అక్కడి నుంచి విమానం ఎక్కేటట్టయితే ఈ వెసులుబాటు వర్తించదు. అప్పుడు విజిటర్ వీసానే తీసుకోవాలి.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. అమ్మానాన్నల ఆస్ట్రేలియా వీసా ఎన్నిసార్లు ప్రవేశానికి ఇచ్చారో చూడండి. సిడ్నీలో ఓడ ఎక్కి సముద్రంలోకి వెళ్తే ఆస్ట్రేలియా వదిలి వెళ్లినట్టే లెక్క. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా అయితే తిరిగి దిగడానికి పనికిరాదు. క్రూజ్‌కు డబ్బు కట్టకముందే ఆ ఒక్క పదం చదువుకోండి.

ఏ నెలలో వెళ్తే ఏం కనిపిస్తుంది

క్రూజ్ ఓడలు వచ్చేది సుమారు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆ నెలలన్నీ ఒకలాంటివి కావు, ఎందుకంటే పక్షి క్యాలెండర్ వేరు.

రాయల్ ఆల్బట్రాస్ జంట రెండేళ్లకొకసారి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ నవంబరులో. తల్లీతండ్రీ వంతులు వేసుకుని సుమారు 11 వారాలు పొదుగుతాయి. జనవరి చివర నుంచి ఫిబ్రవరిలో పిల్లలు బయటికి వస్తాయి. మొదట్లో ఒకరు ఎప్పుడూ పిల్ల పక్కనే కాపలా ఉంటారు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి తెల్లటి దూదిముద్దలా పెరిగిన పిల్లను గూట్లో ఒంటరిగా వదిలి ఇద్దరూ మేతకు పోతారు. ఆ పిల్ల ఎగిరిపోయేది సెప్టెంబరులో. అంటే ఒక్క బిడ్డను పెంచడానికి దాదాపు ఏడాది పడుతుంది. సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా పక్షులు జతకట్టి గూడు ఎంచుకునే సమయం కాబట్టి గూళ్లను చూపించే గాజు గదిని మూసేస్తారు. కాబట్టి అక్టోబరులో గానీ నవంబరు మొదట్లో గానీ టికెట్ కొనేవాళ్లకు గూళ్లు కనిపించవు, ఆకాశంలో ఎగిరేవి కనిపిస్తే కనిపించినట్టు.

నన్నడిగితే డిసెంబరు చివర నుంచి మార్చి దాకా మంచి సమయం. ఇంకా జత దొరకని కుర్ర పక్షులు అప్పుడు గుంపుగా చేరి, రెక్కలు చాచి, మెడలు పైకెత్తి అరుస్తూ ఒకదాని ముందు ఒకటి ప్రదర్శన ఇస్తాయి. ఫిబ్రవరి, మార్చిలలో పసుపుకళ్ల పెంగ్విన్ కూడా పగటిపూట ఒడ్డునే ఉంటుంది. కారణం కింద చెబుతాను.

బుకింగ్: ఓడ వాళ్ల టూరా, మన సొంతమా?

మూడు దారులున్నాయి. ఓడ వాళ్లు అమ్మే టూరు ఖరీదైనది, బస్సు నిండా జనం ఉంటారు. కానీ దారిలో ఏమైనా ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగుతుంది. రెండోది, స్థానికంగా చిన్న వ్యాన్లలో తిప్పేవాళ్లను ముందే ఆన్‌లైన్‌లో మాట్లాడుకోవడం. వాళ్లు రేవు గేటు దగ్గరికే వస్తారు, ఓడల వేళలు వాళ్లకు కంఠతా వచ్చు, గుంపు చిన్నది. మూడోది, ఊళ్లో కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకోవడం. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్స్ చెల్లుతుంది, అక్కడా ఎడమ వైపే నడపాలి.

పెద్దవాళ్లు వెంట ఉంటే నేను రెండోదానికే ఓటు వేస్తాను. కారు అద్దె దుకాణాలు ఊళ్లో ఉంటాయి గానీ రేవులో ఉండవు. కారు తీసుకోవడానికి, తిరిగి ఇవ్వడానికి పోయే గంటన్నరను పక్షికి ఇవ్వడం మేలు. టాక్సీలో తాయరోవా హెడ్ దాకా వెళ్లడం తేలికే, అక్కడి నుంచి తిరిగి రావడానికి టాక్సీ దొరకడమే కష్టం. వెళ్లిన టాక్సీనే ఆగమని ముందే మాట్లాడుకోకపోతే చిక్కుకుపోతారు. సిటీ బస్సు ద్వీపకల్పం మీది పోర్టోబెల్లో అనే ఊరి వైపు వెళ్తుంది, కొస దాకా మాత్రం వెళ్లదు. దాన్ని నమ్ముకోవద్దు.

ఎలా వెళ్లినా సరే, రాయల్ ఆల్బట్రాస్ సెంటర్ టికెట్ విడిగా, ముందుగా, వేళతో సహా తీసుకోండి. ఓడ వచ్చిన రోజు రెండు మూడు వేల మంది ఒకేసారి దిగుతారు. గాజు గదిలో ఒక్కో విడతకు పట్టేది కొద్దిమందే.

సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

ఏముండకూడదో ముందు చెబుతాను, ఎందుకంటే అది జేబుకు చిల్లు పెట్టేది. ఓడలోంచి తినే వస్తువేదీ ఒడ్డుకు తీసుకెళ్లకూడదు. పళ్లు, తేనె, గింజలు, ఇంట్లో చేసిన పొడులు, ఆవకాయ, కరివేపాకు, అమ్మ చేతిసంచి అడుగున ఎప్పుడూ ఉండే సోంపు పొట్లం, ఏదైనా సరే. న్యూజిలాండ్ పంటలకూ అడవులకూ బయటి నుంచి పురుగో తెగులో వస్తుందని వాళ్ల భయం, ఆ భయంలో న్యాయముంది. చెప్పకుండా తెచ్చి దొరికిపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. అల్పాహారం దగ్గర "దారిలో తిందాం" అని సంచిలో వేసుకున్న ఆపిల్ కూడా ఇందులోకే వస్తుంది. మేం దిగేముందు క్యాబిన్‌లో మంచం మీద అమ్మ చేతిసంచి బోర్లించి చూశాం. రెండు ఏలకులు, ఒక తమలపాకు పొట్లం బయటపడ్డాయి. బూట్ల అడుగున మట్టి ఉంటే ముందు రోజు రాత్రే బ్రష్‌తో కడిగెయ్యండి.

ఏముండాలంటే, గాలికి ఆగే జాకెట్ అందరికన్నా ముందు. ఎండాకాలంలోనూ పగటి వేడి 18, 19 డిగ్రీలే. దక్షిణం నుంచి గాలి తిరిగిందంటే పావుగంటలో చలి ఎముకల్లోకి దిగుతుంది. తాయరోవా కొస మీద గొడుగు పనికిరాదు, తిరగబడిపోతుంది. చెవులు మూసే టోపీ కావాలి, మన మంకీ క్యాప్ కన్నా మంచిది లేదు. చీర కట్టుకునే అమ్మలకు ఆ ఒక్కరోజుకు చుడీదార్ గానీ ప్యాంటు గానీ వేసుకోమని నచ్చజెప్పండి. ఆ గాలిలో కొంగు సర్దుకోవడంతోనే సరిపోతుంది, తల ఎత్తి ఆకాశం చూసే వీలుండదు. చలిగా ఉందని ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడి ఎండలో అతినీలలోహిత కిరణాలు చాలా ఎక్కువ, చర్మం తెలియకుండానే కమిలిపోతుంది. సన్‌స్క్రీన్, నల్లకళ్లద్దాలు పెట్టుకోండి. బైనాక్యులర్ ఒకటైనా ఉండాలి. షుగర్, బీపీ మందులు ఆ పూటకు సరిపడా విడిగా తీసుకోండి. డబ్బు మార్చుకోకపోయినా కార్డు అన్నిచోట్లా నడుస్తుంది.

తెల్లవారుజామున డెక్ మీదికి

ఈ రోజులో అతి విలువైన గంట ఉచితంగా దొరుకుతుంది, చాలామంది దాన్ని నిద్రలో పోగొట్టుకుంటారు. ఓడ రేవు చేరడానికి సుమారు గంట ముందు పాయలోకి ప్రవేశిస్తుంది. అప్పుడు తాయరోవా హెడ్ మీకు ఎడమ వైపు ఉంటుంది. కుడి వైపు ఆరమోవానా ఇసుకతిన్నె, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతికట్ట. అల్పాహారం తర్వాత చేసుకోవచ్చు. జాకెట్ వేసుకుని, వేడి టీ కప్పు పట్టుకుని ఎడమ వైపు డెక్ మీద నిలబడండి.

సముద్రకాకికీ ఆల్బట్రాస్‌కూ తేడా తెలుసుకోవడం తేలిక. కాకి రెక్కలు ఆడిస్తుంది. ఆల్బట్రాస్ ఆడించదు. దాని రెక్కల చాపు సుమారు 3 మీటర్లు, మన ఇంట్లో డబుల్‌కాట్ మంచం పొడవుకన్నా ఎక్కువ. భుజం దగ్గర ఒక స్నాయువు రెక్కను చాచినచోటనే బిగించి పట్టుకుంటుంది, అందుకని కండ అలిసిపోదు. గాలి మీద వాలి, అల మీదికి జారి, అక్కడి నుంచి పైకి లేచి మళ్లీ వాలుతుంది. తెల్లటి ఒళ్లు, పైన నల్లటి రెక్కలు. మొదటిసారి అది ఓడ పక్కనుంచి వెళ్లినప్పుడు మా అమ్మ "ఇది బొమ్మ కాదు కదా?" అని అడిగింది. రెక్క కదలకుండా అంత పెద్దది ముందుకు పోవడం చూస్తే అలాగే అనిపిస్తుంది.

రేవులో దిగాక మొదటి అరగంట

పోర్ట్ చామర్స్ కంటైనర్లు, దుంగలు ఎగుమతి చేసే పనిరేవు. కొండలా పేర్చిన పైన్ దుంగల వాసన డెక్ దాకా వస్తుంది. గుర్తు పెట్టిన దారి వదలకుండా గేటు దాకా వెళ్లాలి. గేటు బయట రెండు అడుగులు వేస్తే ఊరి ప్రధాన వీధి, పేరు జార్జ్ స్ట్రీట్. డనీడిన్ నడిబొడ్డున ఉన్న పెద్ద బజారు పేరు కూడా జార్జ్ స్ట్రీటే. వ్యాన్ వాళ్లతో "జార్జ్ స్ట్రీట్‌లో కలుద్దాం" అని మాట్లాడుకుంటే ఏ ఊరి జార్జ్ స్ట్రీటో తేల్చుకోండి.

ఫోన్‌లో గడియారం ఓడ సమయానికి సరిపోయిందా చూసుకోండి. తిరిగి ఎక్కాల్సిన వేళ ఓడ చెప్పిన సమయం ప్రకారమే. అది ఓడ కదిలే వేళకన్నా మామూలుగా అరగంట ముందుంటుంది. ఆ వేళను పిల్లల అరచేతి మీద కూడా రాసి పంపండి.

ద్వీపకల్పం రోడ్డు మీద

ఊరు దాటి పోర్టోబెల్లో రోడ్డు ఎక్కాక నీళ్లు టైరు పక్కనే ఉంటాయి. రోడ్డు పాయ అంచును అంటిపెట్టుకుని మెలికలు తిరుగుతూ పోతుంది. వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చోండి. దారి పొడవునా నీళ్లలోకి కట్టిన పడవల కొట్టాలు, ఆటుపోటుకు బయటపడ్డ బురదలో మేసే కొంగలు, పైన పచ్చటి కొండల మీద గొర్రెలు. వెళ్లేటప్పుడు ఆగవద్దు. ముందు కొసకు చేరండి, ఆగడాలన్నీ తిరుగు దారిలో.

తాయరోవా హెడ్‌కు మావోరీ (అక్కడి మూలవాసుల) పేరు పుకెకురా. దగ్గర్లోని ఒటాకౌ అనే మావోరీ పల్లె పేరే నోళ్లలో నలిగి "ఒటాగో" అయింది. నిరుపయోగంగా కనిపించే ఈ గాలికొండ మీద న్యూజిలాండ్ ప్రధాన భూభాగంలోని ఒకే ఒక్క రాయల్ ఆల్బట్రాస్ కాలనీ ఉంది. మిగిలినవన్నీ మనిషి చేరలేని దీవుల మీద గూళ్లు పెడతాయి. ఇక్కడ తొలి పిల్ల క్షేమంగా ఎగిరిపోయింది 1938లో. అంతకుముందు పెట్టిన గుడ్లు కుక్కలకో, పిల్లులకో, మనుషులకో బలయ్యేవి. లాన్స్ రిచ్‌డేల్ అనే ఉపాధ్యాయుడు పక్కన మకాం వేసి కాపలా కాశాడు కాబట్టే ఆ పిల్ల బతికింది. ఇప్పటికీ అక్కడ పనిచేసేవాళ్ల కాపలా అలాగే ఉంది. ఎండ ముదిరిన రోజు గూటి మీద కదలకుండా కూర్చున్న పక్షికి వడదెబ్బ తగలకుండా నీటి తుంపర్లు పెడతారు. చల్లటి సముద్రాల పక్షికి 25 డిగ్రీలే మండుటెండ.

గాజు గదికి చేరే దారి చిన్నదే కానీ ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెల్లగా, మధ్యలో ఆగుతూ వెళ్లాలని గైడ్‌కు ముందే చెప్పండి. లోపల మాట్లాడే గొంతు తగ్గించాలి. మేం వెళ్లినప్పుడు గాజుకు పది అడుగుల దూరంలో ఒక పక్షి గూటి మీద ఉంది. గులాబీ రంగు ముక్కు, కంటి పైన కాటుక దిద్దినట్టు సన్నటి నల్లగీత. గాలికి మెడ మీది ఈకలు విడిపోయి మళ్లీ సర్దుకుంటున్నాయి. చాలాసేపు అది ఏమీ చేయలేదు. తర్వాత లేచి, గుడ్డును ముక్కుతో ఒక్కసారి తిప్పి, తిరిగి కూర్చుంది. గదిలో ఇరవైమందిమి ఊపిరి బిగబట్టి అదే చూశాం.

గాలి లేని రోజు ఎగిరే పక్షులు తక్కువ కనిపిస్తాయి. అంత బరువును గాలి సాయం లేకుండా ఎత్తడం దానికి కష్టం. కాబట్టి ఆ రోజు గాలి విసురుతుంటే విసుక్కోకండి, సంతోషించండి. టికెట్ దొరకనివాళ్లకూ దారి ఉంది. సెంటర్ దగ్గరి కార్ల స్థలం పక్కన కొండ అంచున కంచె వేసిన చూపుతావు ఉంటుంది. గాలి ఉన్న రోజు అక్కడ నిలబడితే డబ్బు కట్టకుండానే తల మీదుగా ఆల్బట్రాస్‌లు పోతాయి. కింద రాళ్ల మీద నీటికాకుల గూళ్లు, సీల్స్ కనిపిస్తాయి. అదే కొండ లోపల 1880ల్లో రష్యా యుద్ధనౌకలు వస్తాయన్న భయంతో కట్టిన కోట ఉంది. పేల్చాక నేలలోకి దిగిపోయే ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగి ఇప్పటికీ అందులో ఉంది. పిల్లలున్నవాళ్లు కోట కూడా కలిపిన టికెట్ తీసుకోండి.

పెంగ్విన్ గురించి నిజం చెప్పుకోవాలి

క్రూజ్ ప్రయాణికులు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే. చిన్న నీలి పెంగ్విన్లు పైలట్స్ బీచ్‌లో ఒడ్డెక్కేది చీకటి పడ్డాక. డిసెంబరులో అక్కడ సూర్యాస్తమయమే రాత్రి తొమ్మిది దాటాక. సాయంత్రం ఐదారింటికి కదిలే ఓడలో వచ్చినవాళ్లకు అవి దొరకవు. ఎవరైనా చూపిస్తామంటే నమ్మకండి.

రెండోది పసుపుకళ్ల పెంగ్విన్, మావోరీలో హోయిహో. కళ్ల చుట్టూ తల వెనక దాకా పసుపు పట్టీ ఉంటుంది. న్యూజిలాండ్ 5 డాలర్ల నోటు మీద ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ బొమ్మ ఉంటుంది కదా, ఆ నోటు తిప్పి చూడండి, వెనక ఉన్నది ఈ పెంగ్వినే. ప్రపంచంలోనే అరుదైన పెంగ్విన్లలో ఇదొకటి. ప్రధాన భూభాగంలో దాని సంఖ్య ఏటేటా పడిపోతోంది. అక్కడివాళ్లు 2019లో, మళ్లీ 2024లో దాన్ని ఆ ఏటి పక్షిగా ఎన్నుకున్నారు. ఇది కూడా మామూలుగా పొద్దున వేటకెళ్లి సాయంత్రానికే తిరిగొస్తుంది. అయితే ఫిబ్రవరి, మార్చిలలో పాత ఈకలు రాల్చి కొత్తవి మొలిపించుకునేటప్పుడు మూడు నాలుగు వారాలు నీళ్లలోకి దిగలేదు. ఆ రోజుల్లో పగలు కూడా ఒడ్డునే నిలబడి ఉంటుంది. పెంగ్విన్ ప్లేస్ అనే ప్రైవేటు రక్షిత స్థలంలో కందకాల్లోంచి, మరుగుల వెనక నుంచి వాటిని చూపిస్తారు. కనిపిస్తుందన్న హామీ లేదు. ఆ టికెట్ డబ్బు వాటి రక్షణకే పోతుంది కాబట్టి కనిపించకపోయినా నాకు బాధనిపించలేదు.

సొంతంగా బీచ్‌ల వెంట పెంగ్విన్ కోసం వెతకవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒడ్డున మనిషి నిలబడి ఉంటే ఆ పక్షి నీళ్లలోనే ఆగిపోతుంది, బయటికి రాదు. దాని కడుపులో ఉన్న చేప గూట్లో ఉన్న పిల్లకు అందదు. మనం ఫొటో కోసం నిలబడ్డ గంట ఒక పిల్లకు తిండి లేని గంట.

సీల్, సీ లయన్: ఎంత దూరం

ఈ రెండింటికీ ఒకటే నియమం: కనీసం 20 మీటర్లు, అంటే రెండు సిటీ బస్సుల పొడవు. జంతువుకూ నీళ్లకూ మధ్యలో ఎప్పుడూ నిలబడకూడదు, దాని పారిపోయే దారి మూసినట్టవుతుంది. డ్రోన్ ఎగరేయకూడదు. ఫర్ సీల్స్ రాళ్ల మీద ఎండకు పడుకుంటాయి, రాయి రంగులోనే ఉంటాయి. అడుగు వేసేముందు చూసుకోవాలి.

సీ లయన్ ఇసుకలో ఉంటుంది. ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది, నేల మీద మనకన్నా వేగంగా పరుగెత్తగలదు. ఈ జాతి వేట వల్ల ప్రధాన భూభాగం నుంచి పూర్తిగా పోయింది. 1993లో ఒక ఆడది ఈ తీరానికే వచ్చి పిల్లను కన్నది. ఊరివాళ్లు దానికి "మమ్" అని పేరు పెట్టుకున్నారు. ఇవాళ ఒటాగో తీరంలో కనిపించే సీ లయన్లలో చాలా వరకు ఆ తల్లి సంతతే. శాండ్‌ఫ్లై బే అనే బీచ్‌లో అవి తరచూ ఉంటాయి. పేరు విని దోమల్లాంటి పురుగులుంటాయని భయపడక్కర్లేదు, గాలికి ఇసుక ఎగరడం వల్ల వచ్చిన పేరది. కానీ దిగిన ఇసుకదిబ్బను తిరిగి ఎక్కడం వయసులో ఉన్నవాళ్లకే ఆయాసం. మా నాన్నను నేను తీసుకెళ్లలేదు.

నడక కుదరనివాళ్లకు పడవ మంచిది. కొస దగ్గరి వెల్లర్స్ రాక్ రేవు నుంచి గంటసేపు తిప్పే పడవలు కొండ కిందినుంచి సముద్రం నోటి దాకా వెళ్తాయి. గూట్లో పక్షి కనిపించదు గానీ ఎగిరే ఆల్బట్రాస్, రాళ్ల మీది సీల్స్, నీటికాకులు అన్నీ కూర్చున్నచోట నుంచే. వాంతి మాత్ర అరగంట ముందే వేసుకోవాలి, పాయ నోరు దాటగానే అల పెద్దది.

మధ్యాహ్నం: ఎంత మిగిలితే అంత

కొస నుంచి ఒంటిగంట లోపు బయల్దేరితే పోర్టోబెల్లోలో తిని, రెండున్నరకు ఊళ్లో ఉంటారు. శాకాహారులకు సూప్, టోస్ట్, బంగాళాదుంప వేపుళ్లు దొరుకుతాయి. ఈ దక్షిణ ప్రాంతపు సొంత వంట చీజ్ రోల్. బ్రెడ్‌లో చీజ్, ఉల్లిపాయ కలిపిన ముద్ద పెట్టి చుట్టి కాలుస్తారు, చలిలో వేడివేడిగా బాగుంటుంది. ముద్దలో సూప్ పొడి కలుపుతారు కాబట్టి అందులో మాంసం లేదని అడిగి తీసుకోండి.

ఊళ్లో ఒక్కటే చూసే వీలుంటే రైల్వే స్టేషన్ చూడండి. 1906లో తెరిచారు. నల్లరాతి గోడలకు తెల్లటి ఓమరూ సున్నపురాయితో అంచులు తీర్చారు. లోపల నేల మీద ఏడు లక్షలకు పైగా చిన్న చిన్న పలకలతో చేసిన ముగ్గు ఉంది, దాని మధ్యలో రైలింజను బొమ్మ. మా అమ్మ ఆల్బట్రాస్ తర్వాత అంతసేపు నిలబడింది అక్కడే. శనివారం ఉదయమైతే స్టేషన్ పక్కన రైతుల సంత ఉంటుంది. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే ఆక్టగన్ అనే ఎనిమిది మూలల కూడలి, ఓడ షటిల్ బస్సులు మామూలుగా ఆగేది అక్కడే. లార్నాక్ కోట, ప్రపంచంలోనే నిటారు వీధిగా పేరుపడ్డ బాల్డ్‌విన్ స్ట్రీట్ బాగుంటాయి. కానీ ఆల్బట్రాస్‌తో కలిపి అన్నీ పెట్టుకుంటే దేన్నీ నిలబడి చూడలేరు.

ఎక్కాల్సిన వేళకు కనీసం గంటన్నర ముందు ఊరు వదలండి. షటిల్ కోసం చివర్లో పెద్ద వరుస ఉంటుంది. సిటీ బస్సు కూడా పోర్ట్ చామర్స్‌కు వస్తుంది, 14వ నంబరు.

ప్రయాణం చేయలేనివాళ్లు రేవు ఊళ్లోనే ఉండిపోయినా నష్టమేమీ లేదు. గేటు నుంచి నెమ్మదిగా కొండెక్కితే పాయ మొత్తం కనిపించే చూపుతావు ఉంది. కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్రకు 1910 నవంబరు 29న ఈ రేవు నుంచే కదిలాడు, మళ్లీ తిరిగి రాలేదు. ఆయన స్మారక స్తంభం పైన కొండ మీద ఉంది.

ఓడ కదిలాక

భోజనానికి తొందరపడకండి. తిరిగి వెళ్లేటప్పుడు తాయరోవా హెడ్ కుడి వైపు వస్తుంది. పొద్దున ఎక్కడ నిలబడ్డారో దానికి ఎదుటి వైపు డెక్ మీదికి వెళ్లండి. సాయంత్రం గాలి లేస్తుంది, మేతకు వెళ్లిన పక్షులు గూళ్లకు తిరిగొచ్చే వేళ అది. ఓడకు దారి చూపే రేవు పైలట్ దిగి తన చిన్న పడవలోకి మారాక, ఓడ బయటి అలల్లోకి వచ్చాక వెనక భాగానికి నడిచి నురుగు వెంట చూస్తూ ఉండండి. మేం వెళ్లిన రోజు కొండ కనుమరుగయ్యే దాకా రెండు పక్షులు వెంట వచ్చాయి. నాన్న మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని, చీకటి పడి అమ్మ పిలిచేదాకా రెయిలింగ్ వదల్లేదు.